పేజీ అడుగున పోయే రెండు లైన్లు

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో చక్రధర్‌ని ఎరగని తెలుగువాళ్ళు లేరు. ఆయనకి కబురు పెట్టడం మాత్రం ఎవరి వల్లా కాదు. వాట్సాప్ లేదు, ఫేస్‌బుక్ లేదు, ఇంకోటి లేదు. ఒక ఏడాది తెలుగు అసోసియేషన్ వాళ్ళు పిక్నిక్ పార్కు మార్చి, ఆ సంగతి పొద్దున్నే గ్రూపులో పెట్టారు. ఆయన భార్య వాసంతి ఖర్మకాలి ఆ రోజే ఫోన్ ఇంట్లో మర్చిపోయింది. మొగుడూ పెళ్ళాలు రెండు గిన్నెల పులిహోర కారులో పెట్టుకుని పాత పార్కుకి వెళ్ళి, గంటసేపు బాతుల్ని చూసి వచ్చారు. "మీ జర్మనీ ఆయన వచ్చి తింటాడా ఇదంతా?" అని దారిపొడుగునా అడుగుతూనే ఉందావిడ.

జర్మనీ ఆయన పేరు హెల్ముట్. బ్రెమెన్ దగ్గర ఏదో చిన్న ఊరు, పోస్టాఫీసులో యంత్రాలు బాగుచేసి రిటైరైన మనిషి. చక్రధర్ ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు, గొంతు వినలేదు. అయినా పదకొండేళ్ళుగా ఆయన మాటంటే ఈయనకి వేదం. హెల్ముట్‌కి ఒక వెబ్ పేజీ ఉంది. తెల్లటి కాగితం మీద నల్లటి అక్షరాలు, బొమ్మ అన్నది లేదు. అందులో ఆయన అభిప్రాయాలుంటాయి. విప్పి చూడ్డానికి వీల్లేని వస్తువుని నువ్వు కొన్నా అది నీది కాదు. లైక్ బటన్ పెద్దమనిషిని కూడా దేబిరించేలా చేస్తుంది. ఉత్తరానికి మర్నాడు జవాబిచ్చినా కొంప మునగదు. పదిమంది ముందు అనలేని మాట చాటుగా కూడా అనొద్దు. రాసింది తప్పైతే పక్కన ఒప్పు రాయి, అంతేగానీ తుడిచెయ్యకు. ఇలాంటివి ఒక వందదాకా ఉంటాయి. చక్రధర్ వాటిని ఎవరింట్లో భోజనానికి పిలిచినా సాంబారు వడ్డించే లోపల తన మాటల్లాగే చెప్పేవాడు. పాపం, పిలిచేవాళ్ళు తగ్గారు.

హెల్ముట్ రాసిన ప్రోగ్రామ్ ఒకటుంది. కంపెనీలు వదిలేసిన పాత ప్రింటర్లని ఏ కంప్యూటర్‌తోనైనా పనిచేయించే ప్రోగ్రామ్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఏముందో చదవచ్చు, బాగుచేసి పంపచ్చు. పంపినదాని మీద చర్చంతా మెయిలింగ్ లిస్టులో, అంటే అందరికీ ఒకేసారి వెళ్ళే ఉత్తరాల్లో, బాహాటంగా జరుగుతుంది. చివరికి దాన్ని అసలు ప్రోగ్రామ్‌లో కలిపే తాళం హెల్ముట్ ఒక్కడి దగ్గరే ఉంది. చక్రధర్ పదకొండేళ్ళలో నలభై మార్పులు పంపాడు. నలభైకీ హెల్ముట్ నుంచి ఒకటే జవాబు: "మంచిది. చేర్చాను." ఆ రెండు మాటల కోసం ఈయన రోజూ పొద్దున ఆరింటికి, అక్కడ మధ్యాహ్నమయ్యే వేళకి, పళ్ళైనా తోముకోకుండా కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ఏ బటన్ దేబిరించేలా చేస్తుందని హెల్ముట్ అన్నాడో ఆ బటన్ లేకుండానే ఈయన దేబిరిస్తున్నాడని వాసంతికి తెలుసు. ఆవిడ ఆ మాట ఎప్పుడూ అనలేదు.

బేస్‌మెంట్‌లో, జనం చెత్తబండి కోసం రోడ్డు పక్కన పెడితే ఈయన ఎత్తుకొచ్చిన ప్రింటర్లు ఆరు ఉన్నాయి. స్టూడెంట్లు తండోపతండాలుగా దిగిన రోజులవి. రెండువేల ఇరవై రెండు సెప్టెంబరులో కాలేజీ బస్సులో కాలు పెట్టే చోటు లేదు. గదికి నలుగురేసి ఉండేవారు. వేర్‌హౌస్‌లో పది ఉద్యోగాలుంటే తెల్లారేసరికి గేటు ముందు మూడొందలమంది నిలబడేవారు. వాళ్ళందరికీ రెజ్యూమేలు కావాలి, లీజు కాగితాలు కావాలి, పర్మిట్ కాగితాలు కావాలి. సగం మంది చక్రధర్ బేస్‌మెంట్‌కే వచ్చేవారు. ఈయన ప్రింటు తీసిచ్చి, దానితోపాటు హెల్ముట్ అభిప్రాయం ఒకటి చెప్పి పంపేవాడు.

ఒక చిక్కు మాత్రం మొదటినుంచీ ఉంది. ప్రింటు తీస్తే పేజీ అడుగున రెండు లైన్లు పోయేవి. మన దేశంలో, జర్మనీలో వాడే ఏ-ఫోర్ కాగితం కంటే ఇక్కడి లెటర్ కాగితం బొటనవేలు వెడల్పంత పొట్టి. ప్రోగ్రామ్‌కి ఆ సంగతి పట్టదు. చక్రధర్ మందు కనిపెట్టాడు. ప్రతివాడికీ "తొంభై నాలుగు శాతానికి కుదించమ్మా" అని చెప్పేవాడు. కుదిస్తే అక్షరాలు చీమల్లా వచ్చేవి, కానీ వచ్చేవి.

చక్రధర్ వాళ్ళ బేస్‌మెంట్‌లోనే ఒక గదిలో అద్దెకి దిగిన అమ్మాయి స్పందన. ఖమ్మం పిల్ల. రెజ్యూమే ప్రింటు తీసుకుంది, అడుగునున్న ఫోన్ నంబరు రాలేదు. చక్రధర్ తొంభై నాలుగు మంత్రం చెప్పాడు. ఆ పిల్ల మంత్రం పుచ్చుకుని ఊరుకోకుండా, ఎందుకు కుదించాలి అంకుల్ అని అడిగింది. ఈయనకి సంబరం వేసింది. పదకొండేళ్ళలో అడిగిన మొదటి మనిషి! కూర్చోబెట్టి, టీ పోసి, హెల్ముట్ పేజీ చూపించి, ప్రోగ్రామ్ లోపలి ఫైళ్ళు చూపించి, లిస్టులో తన చేత్తోనే ఆ పిల్ల పేరు చేర్చాడు. ఆ చెయ్యి విరిగినా బాగుండునని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఎందుకంటే ఫిబ్రవరిలో స్పందన ఒక మార్పు పంపింది. ప్రోగ్రామ్ తనంతట తానే కాగితం పొడుగు తెలుసుకుని, పేజీని దానికి తగ్గట్టు సర్దుకునే మార్పు. పొద్దున ఆరింటికి చక్రధర్ చూసేసరికి లిస్టులో హెల్ముట్ జవాబుంది. తొమ్మిది పేరాలు. ఈయన వేలుపెట్టి లెక్కపెట్టాడు. ఇన్నేళ్ళుగా కెనడావాళ్ళు నోరు మూసుకుని భరించిన సంగతి ఒక కొత్తమనిషి భరించనందుకు తనకి చాలా సంతోషంగా ఉందనీ, ఆలోచన ఎంతో శుభ్రంగా ఉందనీ రాశాడు. చివర, మీ ఊళ్ళో చలి ఎలా ఉంది అని కూడా అడిగాడు.

చలి ఎలా ఉందిట! పదకొండేళ్ళు ఇదే ఊళ్ళో గడ్డకట్టి చచ్చాడు చక్రధర్, ఆయన్ని అడిగాడా ఎప్పుడైనా? పైగా ఆ పిల్లకి ఇన్‌స్టాగ్రామ్ ఉంది. మంచులో డాన్స్ చేస్తూ రీల్స్ పెడుతుంది. హెల్ముట్ చెప్పిన నియమాల్లో ఒక్కటీ పాటించదు. వాట్సాప్ మానుకున్నది తనూ, పులిహోర బాతుల పాలు చేసుకున్నది తనూ, తొమ్మిది పేరాలు ఈ పిల్లకా? ఆ రోజు ఇడ్లీ కూడా సహించలేదాయనకి. కింద గదిలోంచి నవ్వు వినిపిస్తే, హీటర్ ఎక్కువ పెడుతున్నారని వాసంతి మీద ఎగిరాడు.

మార్చిలో ఇంకో పిడుగు పడింది. జూన్‌తో తనకి డెబ్బై నిండుతాయనీ, తాళం ఇంకొకరికి అప్పగించే వేళయిందనీ హెల్ముట్ లిస్టులో రాశాడు. ఆ తాళం తనదే అని చక్రధర్ ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నాడు. ఎవరికీ చెప్పలేదుగానీ, అది వచ్చిన రోజు లిస్టుకి ఏం రాయాలో నాలుగు వాక్యాలు రాసి దాచుకున్నాడు కూడా. హెల్ముట్ కింద ఇంకో వాక్యం చేర్చాడు. ముందు స్పందన మార్పు సంగతి తేలాలి, అందరిలో పాతవాడు చక్రధర్ గనక దాన్ని పరీక్షించి తప్పొప్పులు ఆయనే చెప్పాలి అని.

మార్పు నెగ్గితే తాళం ఆ పిల్లకి పోతుంది. అది స్పష్టంగా అర్థమైంది చక్రధర్‌కి. ఆఫీసుకి సిక్ లీవ్ పెట్టాడు. రెండు రోజులు గది తలుపేసుకుని, ఆ పిల్ల రాసిన ప్రతి లైనూ పేను కుక్కినట్టు చూశాడు. ఇక్కడ పేరు సరిగ్గా పెట్టలేదు, అక్కడ ఒకే పని రెండుసార్లు చేసింది, ఇక్కడ కాగితం అయిపోతే ఏమవుతుందో ఆలోచించలేదు... మొత్తం ఇరవై మూడు తప్పులు తేలాయి. నంబర్లు వేసి మరీ లిస్టుకి పంపాడు. చివర "ఇది ఓపిక లేని పని, నేర్చుకోవలసింది చాలా ఉంది" అని ఒక ముక్క తగిలించాడు. పంపాక ఆకలేసింది. రెండు గరిటెల పెరుగన్నం ఎక్కువే తిన్నాడు.

"ఏం రాశారు? ఆ పిల్ల మొహం అలా ఉందేం?" అంది వాసంతి సాయంత్రం.

"నిజం రాశాను," అన్నాడు చక్రధర్. హెల్ముట్ చెప్పిన మాటే, పదిమంది ముందు అనగలిగినదే అన్నానని కూడా వివరించాడు. ఆవిడ వినలేదు, చారు గిన్నె పట్టుకుని కిందికి వెళ్ళిపోయింది.

స్పందన లిస్టులో మూడే ముక్కలు రాసింది. ఓపిగ్గా చూసినందుకు చక్రధర్ గారికి కృతజ్ఞతలు, అన్నీ సరిచేస్తాను, కొంచెం టైమ్ ఇవ్వండి. క్లాసులు, వేర్‌హౌస్ షిఫ్టులు పోను మిగిలిన టైమ్‌లో ఎనిమిది రోజులకి ఇరవై మూడూ సరిచేసి పంపింది. ఎక్కడా ఎదురుచెప్పలేదు. దాంతో చక్రధర్‌కి ఇంకా ఒళ్ళు మండింది. పోట్లాడితే పోట్లాడచ్చు, ఇలా వినయంగా ఉంటే ఏం చేస్తాం?

మర్నాడు పొద్దున ఆరింటికి హెల్ముట్ జవాబు వచ్చింది. అందరికీ పంపే ఉత్తరమే గానీ, మొదటి లైన్లో ఉన్నది చక్రధర్ పేరు.

"చక్రధర్, మీరు చూపిన ఇరవై మూడు తప్పులూ నిజంగా తప్పులే. వాటిలో పంతొమ్మిది, ఆమె దేన్ని చూసి రాసిందో ఆ పాత ఫైల్లో ఉన్నాయి. ఆ ఫైలు రెండువేల పన్నెండులో మీరు రాసింది. నాకు అప్పుడే కనిపించాయి. మీరు కొత్త, చాలా ఉత్సాహంగా ఉన్నారు, చెబితే నొచ్చుకుంటారని ఊరుకున్నాను. తర్వాత కూడా చాలాసార్లు ఊరుకున్నాను, నేనే సర్దుకున్నాను. అది నా తప్పు. ఇన్నేళ్ళ తర్వాతైనా ఇక్కడ రాస్తున్నాను. మీకంటే ఓపికగా ఈ ప్రోగ్రామ్‌ని అంటిపెట్టుకున్నవాళ్ళు లేరు. అందుకే తాళం ఎవరికివ్వాలో మీరే చెప్పండి. మీ మాటే నా మాట."

చక్రధర్ పాత ఫైలు తెరిచాడు. పేరు సరిగ్గా పెట్టని చోటు ఉంది. ఒకే పని రెండుసార్లు చేసిన చోటు ఉంది. పైన తన పేరు, తేదీ, అప్పట్లో ముచ్చటపడి పెట్టుకున్న చిన్న నవ్వు గుర్తు కూడా ఉన్నాయి. తల కొట్టేసినట్టయింది. "మంచిది. చేర్చాను." నలభైసార్లు కళ్ళకద్దుకున్న ఆ రెండు మాటల్లో ఎన్ని నిజం మంచివో, ఎన్ని జాలివో ఇప్పుడెలా తెలుస్తుంది?

కాళ్ళీడ్చుకుంటూ కిందికి వెళ్ళాడు. స్పందన షిఫ్టుకి వెళ్ళడానికి బూట్లు వేసుకుంటోంది. లేచి నిలబడింది.

"అవి నా తప్పులని తెలుసా నీకు?"

ఆ పిల్ల నేలకేసి చూసింది. "రాసినప్పుడు తెల్వదు అంకుల్. మీ ఫైల్ ముందు పెట్టుకుని రాసిన. మీరట్ల రాసిండ్రంటే అదే రైట్ అనుకున్నా. సరిచేసేటప్పుడు తెలిసింది."

"మరి లిస్టులో అనలేదే?"

"అందరి ముందు మిమ్మల్ని అంటే బాగుండదని..."

బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది. చక్రధర్ ఆరు ప్రింటర్ల మధ్య కాసేపు కూర్చున్నాడు. పదిమంది ముందు అనలేని మాట చాటుగా కూడా అనొద్దన్న జర్మనీ ఆయనా ఈయన తప్పుల్ని కడుపులోనే దాచాడు, ఖమ్మం పిల్లా దాచింది. ఉన్న నిజమంతా పదిమంది ముందు కక్కింది తనొక్కడే, అదీ కుళ్ళుతో. ఆ మాట తనకి తను ఒప్పుకోవడానికి గంట పట్టింది.

పైకొచ్చి లిస్టుకి రాశాడు. దాచుకున్న నాలుగు వాక్యాలూ పంపలేదు. "తాళం స్పందనకి ఇవ్వండి. ఓపిక లేని పని అన్నది నా పాత ఫైలుకి వర్తిస్తుంది. ఆమెకి క్షమాపణ" అని రాసి పంపాడు. ఈర్ష్య పోయిందా అంటే, పోలేదు. జూన్‌లో హెల్ముట్ తాళం అప్పగిస్తూ స్పందనకి ఆరు పేరాలు రాస్తే మళ్ళీ వేలుపెట్టి లెక్కపెట్టాడు. వాసంతి చూసి నవ్వితే మొహం తిప్పుకున్నాడు.

తర్వాత మూడు వారాలు కూర్చుని, పదకొండేళ్ళనాటి ఆ ఫైల్లో పంతొమ్మిది తప్పులూ సరిచేసి, లిస్టుకి పంపాడు. ఇప్పుడు పరీక్షించేది కింది గదిలో ఉన్న పిల్ల. మర్నాడు పొద్దున ఆరింటికి చూసుకుంటే జవాబు ఉంది.

"మంచిది. చేర్చాను."

నాలుగుసార్లు చదివాడు. లేచి, మెట్లు దిగి, ఆ గది తలుపు కొట్టాడు.

"నిజంగా బాగుందా, బాగుండదని ఊరుకున్నావా?"

స్పందన తలుపు పూర్తిగా తెరిచింది.

"మూడు చోట్ల ఇంకా ఉంది అంకుల్. తర్వాత నేనే సర్దుదామనుకున్నా."

చక్రధర్ తలూపాడు. కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోలేదు.

"లిస్టులో రాయి తల్లీ," అన్నాడు. "నంబర్లు వేసి రాయి."