కాటుక పెట్ట... తొమ్మిది గుడ్లు

మా చిన్నప్పుడు... జ్ఞానాపురంలో మా పెరట్లోకి ఆదివారం పొద్దున్నే కత్తిపీట వచ్చిందంటే, ఏదో ఒక కోడికి నూకలు చెల్లినట్టే!

నాన్న పోర్టులో కళాసీ. ఆయన పిచ్చంతా బూడిదరంగు కోళ్ళ మీదే. కానీ బూడిద పుంజుకీ బూడిద పెట్టకీ జత కట్టినా, పొదిగిన ప్రతిసారీ కొన్ని నల్లవీ, కొన్ని తెల్ల మచ్చలవీ పుట్టేవి. వాటిని "రంగు తప్పినవి" అనేవాడు. అవి కాస్త పెరగ్గానే కూరే...

అలా రంగు తప్పిన నల్ల పెట్టే మా కాటుక. నా ఒళ్ళో కూర్చుని నూకలు తినేది. దాని వంతు వచ్చిన రోజు నేను గంప మీద పడి ఒకటే ఏడుపు. ఇంటర్ చదివే మా అక్క వచ్చి నాన్నకి అడ్డం నిలబడింది.

"కోయొద్దు నాన్నా. దీనికి ఇంకా కోయని ఆ తెల్ల మచ్చల పుంజుని జత కడితే పిల్లలన్నీ బూడిదరంగే పుడతాయి. మా సైన్సు పాఠంలో ఉంది."

"ఏటే, నల్లదీ తెల్లదీ కలిపితే బూడిదైపోతాదేటి? ముగ్గులో బొగ్గు కలుపుతన్నావా?" నాన్న పకపకా నవ్వాడు.

"ఒక్కటి రంగు తప్పినా రెండిట్నీ కోసెయ్," అంది అక్క.

"మాటంటే మాటే మరి!"

నాకైతే అక్క మీద ఒళ్ళు మండిపోయింది. పందెం కాసింది తను... ప్రాణం మాత్రం నా కాటుకది!

ఆ జంటని మూడు వారాలు మిగతా కోళ్ళకి దూరంగా ఉంచి, ఆ తర్వాత పెట్టిన గుడ్ల మీదే అక్క బొగ్గుతో గీతలు గీసింది. తొమ్మిది గుడ్లు. పాత తట్టలో ఊక పోసి కాటుకనే పొదగేశాం. పోర్టు ఎర్రదుమ్ము పడకుండా గోనె కట్టడం నా పని. ఇరవై ఒక్క రోజులు నాకు అన్నం సహించలేదు.

ఖర్మ కొద్దీ పిల్లలు బయటికొచ్చే రోజు ఆదివారమే... నాన్న ఇంట్లోనే ఉన్నాడు. మొదటి గుడ్డు చిట్లి పిల్ల బయటికొచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ!

"సూసావా? కాకిలాగుంది!" అంటూ నాన్న కత్తిపీట తెచ్చాడు.

రెండోదీ నల్లగానే వచ్చింది. అక్క మొహం పాలిపోయింది. నేను కాటుకని గట్టిగా వాటేసుకున్నాను. అది పొడుస్తున్నా వదల్లేదు.

ఉన్నట్టుండి అక్క నాన్న చెయ్యి పట్టుకుంది. "అది తడి నాన్నా... ఆరనీ!"

"ఆరితే రంగు మారిపోతాదేటి?"

"కొంచెంసేపు చూడు. ఆరనీ..."

నాన్న గొణుక్కుంటూ గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. ఎండ తట్ట దాకా వచ్చింది. మొదటి పిల్ల నూగు మెల్లగా విచ్చుకుంది... బూడిదరంగు! రెండోదీ అంతే. సాయంత్రానికి తొమ్మిదికి తొమ్మిదీ మా పొయ్యిలో బూడిదలాగే ఉన్నాయి.

నాన్న ఒక పిల్లని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మరైతే... ఇన్నాళ్ళూ నాను కోసీసినవి?" అన్నాడు మెల్లగా. అక్క కత్తిపీట తీసి లోపల పెట్టేసింది.

ఆ తర్వాత మా ఇంట్లో రంగు తప్పినవి అన్న మాట వినపడలేదు. లెక్కల్లో నాకొచ్చిన మార్కులు చూసి అమ్మ కర్ర తీస్తే, నాన్నే అడ్డం వచ్చేవాడు... "ఉండవే, దాన్ని ఆరనీ!"

ఇప్పుడు చికెన్ షాపు తీగల గూళ్ళలో కోళ్ళన్నీ ఒకే తెలుపు. మనుషుల్ని కూడా చూసిన నిమిషంలోనే ఇంతే అని తేల్చేస్తున్నాం. నేనూ అంతే లెండి... అడ్డం వచ్చి "ఆరనీ" అనడానికి నాన్న లేడుగా.

మీ ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికీ అర్థంకాని ఇలాంటి మాట మీకూ ఒకటి ఉండే ఉంటుంది... ఏమిటది?