అబూ హమూర్‌లో ఒక పాత నార్వే సినిమా

మన ముఖం ఒక్కటీ లేని సినిమాలో మన ఇల్లు కనిపిస్తుందా? ఎం.ఏ. రోజుల్లో, తెరమీద ఎవరున్నారు, ఎవరు లేరు అని వాదించుకున్నప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. అయితే నన్ను కాకినాడ నుంచి దోహాకి రప్పించింది మాత్రం మా చెల్లెలు శారద. ఇక్కడ నర్సుగా పనిచేస్తున్న తను, ఒంగోలు క్రైస్తవ కుటుంబానికి చెందిన శామ్యూల్‌ని చేసుకుంటానంది. "నువ్వెళ్ళి చూసిరా. నీ మాటే నా మాట," అని అమ్మ భారం నామీద పెట్టింది.

ఇక్కడ వారపు సెలవు శుక్రవారం, కాబట్టి చర్చిల్లో ఆదివారపు సందడంతా ఆ రోజే. ఆరాధన అయ్యాక ఒక హాల్లో పాత నార్వే సినిమా వేస్తున్నారని, వాళ్ళమ్మ విజయమ్మగారూ వస్తారని శామ్యూల్ పిలిచాడు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో శారద ఉండే ఫ్లాట్ నుంచి మధ్యాహ్నం రెండింటికి టాక్సీ ఎక్కాం. డ్రైవర్‌ది జగిత్యాల. అద్దంలో మా బొట్లు చూసి, "చర్చికా అక్కా? తొవ్వ తప్పలేదు గద?" అన్నాడు. పెళ్ళిచూపులకని శారద చెప్పింది. "గట్లనా. మరి పిల్లగాడు రావాలె గని, మీరే పోవుడేంది?" అని నవ్వాడు. చర్చిలన్నీ ఉండే అబూ హమూర్‌కి ఇరవై నిమిషాలు, ముప్ఫై రియాళ్ళ లోపే.

ఇక్కడి నియమం ప్రకారం బయట గోడమీద శిలువ కనిపించదు. లోపల ఒక తలుపులోంచి మలయాళం పాట, పక్క తలుపులోంచి ఫిలిప్పీన్స్ వాళ్ళ పాట. మనవాళ్ళ తలుపు ముందు మాత్రం చెప్పుల గుట్ట. ఒక్క ప్రహరీలో ఇన్ని క్రైస్తవ శాఖలు ఇరుక్కుని ఉన్నాయి.

సినిమా ఒక జాలరి కుటుంబం కథ. కోడలు వేరే శాఖ నుంచి వచ్చింది. అత్త భోజనాల ముందు ఆమెను ప్రార్థన చెప్పనివ్వదు. తెర కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు విజయమ్మగారికి చదవడం రాదు. శామ్యూల్ ఆవిడ చెవిలో చెబుతుంటే మా వరుసంతా వింటోంది.

"ఏమంటందిరా ఆ ముసలామె?"

"కోడలి ప్రార్థన చెల్లదంటందమ్మా."

"మీ నాయనమ్మ నయం. కూర చెల్లదనేది, అంతే."

చివర్లో కొడుకు పడవ తుపానులో చిక్కుకుంటుంది. అత్తకు ప్రార్థన నోట రాదు. కోడలి వైపు చూస్తుంది. తెర నిండా కోడలి ముఖం, ప్రార్థన మొదలవుతుంది. వెనక్కి తిరిగి చూశాను. ఆ తెల్లటి వెలుగు ఫిలిప్పీనో, కెన్యా, మలయాళీ, తెలుగు ముఖాలన్నిటి మీదా పడుతోంది. హాలంతా ఊపిరి బిగబట్టింది. అయినా ఒకటి కలుక్కుమంది: తెరమీద కోడలి వెనక దీపం పట్టుకుని నిలబడ్డ పనిపిల్లకు సినిమా మొత్తంలో ఒక్క మాటా లేదు. అందరూ ఒకే రంగు మనుషులైన ఇంట్లో కూడా.

లైట్లు వేశాక టీ ఇచ్చారు. శారద సూటిగా అడిగేసింది. "ఆంటీ, పెళ్ళయ్యాక నన్ను బొట్టు తీసెయ్యమంటారా?"

"నేననను తల్లీ," అన్నారు విజయమ్మగారు. "సంఘంలో అంటారు. అన్నప్పుడు నీ పక్కన నిలబడాలనే ఉంది. నిలబడగలనో లేదో. అరవై ఏళ్ళ అలవాటు గదమ్మా."

"నేను నిలబడతా," అన్నాడు శామ్యూల్.

"నువ్వు డ్యూటీకి పోతావు. ఇంట్లో ఉండేది నేను."

ఆ చర్చిల ప్రాంగణానికి వెళ్ళాలనుకునేవాళ్ళు పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి, గేటు దగ్గర అడుగుతారు. భుజాలు కప్పే బట్టలు వేసుకోండి. నేను మాత్రం ఆ హాల్లో చూసిన ముఖాలను ఇంకా మోస్తూనే ఉన్నాను. అంతమంది ఒక్కసారి ఊపిరి బిగబట్టగలిగితే, రెండు కుటుంబాలు ఒక వంటింట్లో ఇమడలేవా అనిపిస్తుంది. మరుక్షణమే, సినిమా గంటన్నరలో అయిపోతుంది కదా అనిపిస్తుంది. విజయమ్మగారు దాచకుండా చెప్పినందుకు నమ్మి సరేననాలా? ఆవిడ చెప్పిందే హెచ్చరికగా తీసుకుని వద్దనాలా? అమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.