మూడుసార్లు చచ్చి నాలుగుసార్లు లేచిన ఏసోబు

క్రిస్టీనా ఒక్కరోజులో మూడుసార్లు ఏసోబును చంపి, నాలుగుసార్లు లేపిందని ప్రత్తిపాడులో చర్చి వీధంతా చెప్పుకున్నారు. చంపింది మూడుసార్లయితే లేపింది నాలుగుసార్లు ఎలా అయిందని ఒకరిద్దరు నవ్వారు గాని, పున్నమ్మ ముందు నవ్వలేదు. మాట పుట్టించింది ఆమే. కిటికీ పక్కన నిలబడి వేళ్ళు మడిచి మరీ లెక్కపెట్టానంది.

పున్నమ్మ పొద్దున్నే చర్చి ఊడ్చి, ఆ తరువాత మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. చర్చి వెనక సండే స్కూలు బల్లలు పెట్టే గది ఒకటి ఉంది. ఆ వీధిలో కరెంటూ ఇంటర్నెట్టూ రెండూ కలిసి నిలకడగా ఉండే చోటు అదొక్కటే. సంఘం వాళ్ళు దాన్ని క్రిస్టీనాకు ఇచ్చి ఏడాదిన్నర అయింది. ఇంట్లో రేకుల కింద ఆమె ల్యాప్‌టాప్ మధ్యాహ్నానికల్లా వేడెక్కి ఆగిపోతుంది. ఆ గది పోతే ఉద్యోగం పోయినట్టే.

ఆమె పని గుంటూరులోని ఒక చిన్న కంపెనీకి. రైతులు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, తెచ్చి కోల్డ్ స్టోరేజీలో దించినప్పుడు పేరూ, ఊరూ, గది నంబరూ తెలుగులో అచ్చయి వచ్చే చీటీ ఉంటుందే, ఆ ప్రోగ్రాము ఆమె రాస్తుంది. చిక్కేమిటంటే ఒక్కో కోల్డ్ స్టోరేజీలో కంప్యూటరును నడిపించే సిస్టమ్ ఒక్కో రకం. ఒకచోట నిన్నగాక మొన్న వచ్చిన ఉబుంటు, ఇంకోచోట పన్నెండేళ్ళ నాటి డెబియన్. అన్నిచోట్లా అదే చీటీ అలాగే రావాలి. అన్ని కంప్యూటర్లు కొనే దారి లేదు. అందుకని ఆమె ఒక్క ల్యాప్‌టాప్‌లోనే అన్ని కాపురాలు పెట్టింది. వాటిని కంటెయినర్లంటారు. ఎవరి గది వాళ్ళది, ఎవరి గిన్నెలు వాళ్ళవి, ఎవరి తాళం వాళ్ళది. పొయ్యి మాత్రం అందరికీ ఒకటే. ఒక గదిలో గొడవైతే పక్క గదిలో కూర మాడదు.

వాటికి పేర్లు పెట్టాలి. అంకెలు పెడితే ఏది ఏదో గుర్తుండక, క్రిస్టీనా వీధిలోవాళ్ళ పేర్లు పెట్టుకుంది. తప్పంతా అక్కడ జరిగింది. వారానికో కొత్త ఫ్యాషను నేర్చే రకానికి టైలరు రిహానా పేరు. ప్రతి చిన్నదానికీ కేకలేసే రకానికి పున్నమ్మ పేరు. కొత్తది ఏది పెట్టినా వద్దు పొమ్మనే ముసలి డెబియన్‌కు సంఘ పెద్ద ఏసోబు పేరు.

ఆ పొద్దున ఏసోబును లేపినా చంపినా క్రిస్టీనా ఫోనులో కంపెనీ సురేంద్ర గారికి చెబుతూనే ఉంది. ఒకసారి అన్నది ఇదీ: "ఏసోబు మళ్ళీ పడిపోయాడు సార్. చంపేసి ఇంకోసారి లేపుతా. పున్నమ్మ అరుస్తోంది గాని పని చేస్తోంది."

పున్నమ్మ వీధిలో మొదటి సగమే చెప్పింది. రెండో సగం కడుపులో దాచుకుంది.

మామూలుగా అయితే మాట రెండు రోజులు తిరిగి చల్లారేది. కాని ఆ శనివారమే నిజం ఏసోబు, తను వాచ్‌మన్‌గా చేసే కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర, జారిపడ్డాడు. మోకాలు వాచింది. ఇక చెప్పేదేముంది. చర్చి గదిలో కూర్చుని చర్చి పెద్దను పడేస్తోందన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక గది తాళంచెవి వెనక్కి తీసుకోవాలని సంఘం వాళ్ళు అనుకున్నారు. ప్రోగ్రాము బుధవారానికి ఇవ్వాలి. అన్ని కాపురాల్లోనూ చీటీ సరిగ్గానే వస్తోంది, ఒక్క ఏసోబులో తప్ప.

తాళంచెవి అడగడానికి ఏసోబే వచ్చాడు, కర్ర పొడుచుకుంటూ. వెనకాల పున్నమ్మ, ఇంకో నలుగురు.

"ఏమ్మా క్రిస్టీనా, నేను నీకేం చేశానని చంపుతున్నావే?"

క్రిస్టీనా ల్యాప్‌టాప్ ఆయనవైపు తిప్పింది. వరసగా పేర్లున్నాయి. గదులూ గిన్నెలూ పొయ్యీ అంటూ తడబడుతూనే చెప్పింది. పాడైతే చెరిపేసి, పాడవక ముందున్న ఏసోబును మళ్ళీ నిలబెడతానంది.

ఆయన వాచిన మోకాలు తడుముకున్నాడు. "ముప్ఫై ఏళ్ళ కిందటివాడు దొరుకుతాడేమో చూడు. మోకాళ్ళు బాగుండేవి."

వెనకవాళ్ళు నవ్వారు. పున్నమ్మ నవ్వలేదు. తన పేరు కనిపించింది మరి. "నన్నెందుకు పెట్టావే అందులో?"

"తప్పు ఎక్కడుందో అందరికంటే ముందు చెప్పేది అదే అత్తా."

అది పొగడ్తో కాదో తేల్చుకోలేక పున్నమ్మ కొంగు సర్దుకుంది.

ఏసోబుకు ఇంకో అనుమానం. "పడిపోయేది నేనొక్కణ్ణేనా? రిహానా పడదా?" క్రిస్టీనా చీటీ వేసి చూపించింది. ప్రత్తిపాడు అన్న మాటలో తకారం ఒత్తు విడిపోయి ఎటో పడింది. కొత్త ఫాంటు, అంటే అక్షరాల ఫైలు, ఇస్తే పాత ఏసోబు తీసుకోవడం లేదంది. బలవంతంగా ఎక్కిస్తే పూర్తిగా కూలబడుతున్నాడంది.

ఏసోబు కర్రతో తన కాళ్ళు చూపించాడు. కొత్త చెప్పులు. కొడుకు కొన్నాడట. "నేను పడింది నీవల్ల కాదు, వీటివల్ల. పాతవి ఎక్కడో పారేశారు. నా కాలికి పట్టేవి ఏవో వెతికి తొడగరాదా, కొత్తవే ఎందుకు?"

అందరూ వెళ్ళిపోయారు. తాళంచెవి మాట ఎవరూ ఎత్తలేదు, క్రిస్టీనా అయితే అసలే ఎత్తలేదు. ఆమె పాత ఏసోబు పుట్టిన ఏడాది నాటి అక్షరాల ఫైలు వెతికింది. దాన్ని ప్రోగ్రాముతోపాటే కట్టి పంపేలా పెట్టింది. మంగళవారం ఏసోబులో ఒత్తు నిలబడింది.

బుధవారం సాయంత్రం కోల్డ్ స్టోరేజీ నుంచి ఏసోబు ఒక చీటీ జేబులో వేసుకొచ్చి పున్నమ్మకు ఇచ్చాడు. ఆ ఆఫీసులో కంప్యూటరూ ఆ పాత రకమేనని వీధికి అప్పుడు తెలిసింది. పున్నమ్మ ప్రత్తిపాడు అని కూడబలుక్కుని చదివింది. అయినా లెక్క తప్పని మాత్రం ఒప్పుకోలేదు. మూడుసార్లు చంపింది, నాలుగుసార్లు లేపింది, అంతే.

లెక్క నిజంగానే తప్పు కాదు. రోజూ పని మొదలుపెట్టేటప్పుడు క్రిస్టీనా ముందు అసలు ఏసోబును లేపి, దాని నకళ్ళు తీసుకుంటుంది. ఆ రోజు లేపింది అసలుదొకటీ, నకళ్ళు మూడూ; చంపినవి ఆ మూడు నకళ్ళే. అసలు ఏసోబును ఈ ఏడాదిన్నరలో ఆమె ఒక్కసారీ చెరపలేదు.