బాలింత కాయంలో తవుడు

1946 ఎండాకాలంలో, ట్రైనింగ్ పూర్తికాగానే, నన్ను బందరు కాలవ గట్టున ఉన్న ఒక నేతగాళ్ళ ఊరికి హెల్త్ విజిటర్‌గా వేశారు. మా ఆఫీసు బెజవాడలో ఉండేది. మీరు విజయవాడ అంటారే, అదే. హెల్త్ విజిటర్ అంటే నర్సు కాదు పిల్లలూ. మా పైన హెల్త్ ఆఫీసరు, మా కింద మంత్రసానులు. సూది వేసే అధికారం మాకు లేదు. పుట్టిన బిడ్డను ఏడాది నిండేదాకా ఇంటికి వెళ్ళి తూచడం, ఆ ఇంట్లో చంటివాళ్ళ దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా ఎవరు ఏం తినాలో చెప్పడం, ఇదీ మా పని. అయినా ఊళ్ళో నన్ను నర్సమ్మ అనే పిలిచేవారు.

నా వంతుకు వచ్చిన ఇళ్ళలో నాంచారమ్మ గారి ఇల్లు ఒకటి. ఆవిడ భర్త సుబ్బయ్య గారు మగ్గం గుంటలో కూర్చుని పంచెలు నేసేవారు. కోడలు శేషుకు అప్పుడే మూడో కానుపు అయింది, మగపిల్లవాడు. మొదటి ఇద్దరు పిల్లలూ మూడో నెలలోనే పోయారు. ఇద్దరూ బొద్దుగా ఉండేవారట. పాలు కక్కడం, ఏడుపు గొంతు బొంగురుపోవడం, ఆ తరవాత ఒక్క పూటలో ప్రాణం పోవడం. దిష్టి తగిలిందన్నారు వీధి వీధంతా. వీడు కూడా మూడో నెల దాటితే గానీ పేరు పెట్టకూడదని ఇంట్లో అనుకున్నారు.

నేను సంచిలోంచి స్ప్రింగు త్రాసు, గుడ్డ ఊయల తీసేసరికి నాంచారమ్మ గారు అడ్డం వచ్చారు.

"బిడ్డని తూస్తావా? బెల్లం అచ్చనుకున్నావా?"

చివరికి ఒప్పందం కుదిరింది. తలుపు వెయ్యాలి, బిడ్డ బుగ్గన కాటుక చుక్క పెట్టాలి, బరువు ఎంతో పైకి చదవకూడదు. మూడింటికీ ఒప్పుకున్నాను.

వాడు కూడా అన్నల్లాగే బొద్దుగా ఉన్నాడు. పాదం మీద వేలితో నొక్కితే సొట్ట పడి, కాసేపు అలాగే ఉండిపోయింది. అది కండ కాదు, నీరు. శేషు కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయంది. సుబ్బయ్య గారి కాళ్ళు మగ్గం తొక్కుడుచెక్కల మీద నిలవడం లేదు. దీన్ని బెరిబెరి అంటారని మాకు ట్రైనింగులో చెప్పారు. బియ్యపు గింజ పైపొరలో ఒక విటమిన్ ఉంటుంది. మర పట్టిస్తే అది తవుడుతో పోతుంది. మిగిలిన కాస్తా కడుగునీళ్ళలోనూ గంజిలోనూ పోతుంది. పైగా శేషు పథ్యంలో ఉంది. తెల్లన్నం, వెల్లుల్లి కారం, అంతే. పప్పు తింటే వాతమట, ఆకుకూర తింటే జలుబట, పాలు తాగితే చీమట. తల్లి తినని విటమిన్ తల్లిపాలలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

నాకు నేర్పిన పాఠం అప్పచెప్పాను. దంపుడు బియ్యం వండండి, గంజి వార్చకండి అన్నాను.

"రేషన్ కొట్లో మర బియ్యమేగా ఇచ్చేది. అయినా దంపుడు బియ్యం తినే రోజులు దాటొచ్చాం తల్లీ," అన్నారు నాంచారమ్మ గారు. "గంజి మేం తాగితే పడుగేం తాగుద్ది?"

ఆ మాట నిజమే. నేతగాళ్ళ ఇళ్ళలో గంజి మనుషులది కాదు. పొద్దున్నే వీధిలో పడుగును, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగుల్ని సాచి, నూలుకు గంజి పట్టించి కుంచెతో దువ్వుతారు. గంజి లేకపోతే పోగు తెగుతుంది. పోగు తెగితే కూడు లేదు.

బెజవాడ ఆస్పత్రికి తీసుకువెళ్ళి ఆ విటమిన్ సూది వేయిద్దామంటే, మూడో నెల దాటకుండా బాలింత కాలవ దాటకూడదన్నారు. "బిడ్డ గొంతు బొంగురుపోయిందా, ఇంక మీ మాట వినను, బండి కట్టిస్తాను," అన్నాను. మగ్గం గుంటలోంచి సుబ్బయ్య గారు "నేనే కడతా" అన్నారు. బిడ్డ గొంతు అప్పటికింకా స్పష్టంగానే ఉంది.

మరోసారి వెళ్ళినప్పుడు నాంచారమ్మ గారు కోడలికి కాయం దంచుతున్నారు. శొంఠి, పిప్పళ్ళు, బెల్లం, నువ్వుల నూనె. బాలింతలకు రోజూ ముద్ద చేసి పెడతారు. పథ్యంలో ఏవేవి తినకూడదో చెప్పమని అడిగాను. ఆవిడ రోకలి ఆపకుండా వరసగా చెప్పుకుపోయారు.

"మరి తవుడో?" అన్నాను.

రోకలి ఆగింది. "తవుడు సంగతి మా అత్త చెప్పలేదు."

"అయితే దోషం లేనట్టేగా?"

"గేదె తినేదాని సంగతి బాలింతకెందుకు చెబుతారే!"

"గేదెకి తవుడు ఎందుకు పెడతారండీ?"

"పాలు పడటానికి," అని, ఆ మాట తన నోటనే వచ్చినందుకు ఆవిడ నా వంక అదోలా చూశారు.

ఊరి చివర రైతుల ఇంట్లో విత్తనాల కోసం ఉంచిన వడ్లు మిగిలితే దంచుకునేవారు. ఆ రోకటి తవుడు తాజాగా తెప్పించాం. నిలవదైతే ముక్కిపోయిన వాసన వేస్తుంది. జల్లించి, కొంచెం వెచ్చచేసి, కాయంలో కలిపి దంచారు. పథ్యం తప్పలేదు. శేషు రోజూ తింది.

సంగతి వీధిలోకి పొక్కింది. "ఏం నాంచారమ్మొదినా, కోడలికి కుడితి పెడతన్నావంట! రేపు గడ్డి కూడా ఏస్తావా?" అని ఎదురింటావిడ అడిగింది. "నీ గేదెనడుగు, చెబుద్ది," అన్నారు నాంచారమ్మ గారు.

తరవాత తూచినప్పుడు బిడ్డ బరువు తగ్గింది. ఒప్పందం ప్రకారం నేను పైకి చదవలేదు గానీ, త్రాసు ముల్లు ముందటిసారి ఎక్కడ ఆగిందో ఆవిడకు గుర్తుంది.

"నీ తవుడు నా మనవణ్ణి కరిగించేసింది. రేపట్నుంచి కాయం బందు," అన్నారు. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువ.

ఆవిడ వేలు పట్టుకుని బిడ్డ పాదం మీద నొక్కించాను. సొట్ట పడలేదు. సుబ్బయ్య గారి కాలి మీద నొక్కించాను, అక్కడ పడింది. "పోయింది నీరండీ, బిడ్డ కాదు," అన్నాను. ఆవిడ చాలాసేపు ఒకసారి ఇటూ, ఒకసారి అటూ నొక్కి చూసుకున్నారు. కాయం ఆగలేదు.

పైగా కాయం కుండ త్వరగా ఖాళీ అవడం మొదలైంది. దొంగ సుబ్బయ్య గారే.

"బాలింతవి నువ్వా, నీ కోడలా?" అని నాంచారమ్మ గారు నిలదీశారు.

"కాళ్ళు నిలవట్లేదే. నాక్కూడా కానుపయిందనుకో," అన్నారాయన. అప్పట్నుంచి ఆవిడ రెండు ముద్దలు చేశారు.

మూడో నెల దాటాక వెళ్ళాను. అలవాటు ప్రకారం తలుపు వెయ్యబోతే నాంచారమ్మ గారు తీసే ఉంచమన్నారు. వాడు ముందటికంటే సన్నగా, గట్టిగా ఉన్నాడు. ఊయలలో వేస్తే కాళ్ళతో త్రాసును తన్నాడు. ఏడుపు గంటలా ఉంది. నేను ముల్లు చూసి, కాగితం మీద రాసుకోబోయాను.

"పైకి చదువు నర్సమ్మా," అన్నారు ఆవిడ. "ఎదురింటికి వినపడాలి."

చదివాను.

ఆ ఊళ్ళో నేర్చుకున్నవి రెండు. బిడ్డ బొద్దుగా ఉన్నాడంటే బాగున్నాడని కాదు, బరువు తగ్గాడంటే జబ్బుపడ్డాడనీ కాదు. ముల్లు చూశాక వేలితో కూడా నొక్కి చూడాలి. ఇంక రెండోది, ఏ ఇంటికి వెళ్ళినా ఏం తినాలో చెప్పే ముందు, ఏవి తినకూడదంటారో పూర్తిగా చెప్పించుకోవాలి. వాళ్ళు వద్దని చెప్పడం మరిచిపోయిన పదార్థం ఒకటైనా ఉంటుంది. రిటైరయ్యేదాకా నా పని అక్కణ్ణుంచే మొదలుపెట్టాను.