గొడ్లసాల గోడకు నేను కొలవని వైపు

2013 జూలైలో నన్ను రోడ్ల శాఖలో డిప్యూటీ ఇంజినీరుగా, అంటే డీఈగా, నరసన్నపేట ప్రాంతానికి వేశారు. కింది ఇంజినీర్లు గుర్తించినదాన్ని స్వయంగా కొలిచి సంతకం పెట్టడం డీఈ పని. ఆ వానాకాలం రోడ్డువార పాత గోడల్లో కూలిపోయేలా ఉన్నవాటిని తేల్చమన్నారు.

ఒక ఊళ్లో తవిటయ్య అనే రైతుకు తాతల నాటి రాతి ఇల్లు, దాన్ని ఆనుకుని గొడ్లసాల ఉన్నాయి. కొండరాయి, బంకమట్టి తప్ప సున్నమైనా వాడలేదు. ఇంటి దూలాల కొసలు సాల గోడ మీదే ఆనుకున్నాయి. రోడ్డు వైపు ఆ గోడ పక్కన, నిటారు చూసేందుకు దారానికి కట్టిన తూకం గుండు వేలాడదీశాను. దారానికీ గోడకూ పైన జానెడు ఎడం, కింద వేలెడు. గోడ లోపలికి ఒరిగిందనుకున్నాను.

నియమం ప్రకారం లోపలా కొలవాలి. లోపల అప్పుడే ఈనిన గేదె ఉంది. నన్ను చూసి తల దించి బుసకొట్టింది. నేను గుమ్మం దాటలేదు. "లోపల, వెలుపల పరిశీలించాను" అని రాసి, కూల్చివేతకు సిఫార్సు చేశాను.

పది రోజులకు కూలీలతో వెళ్తే తవిటయ్య గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. సాల గోడ తీస్తే దూలాలు దిగి ఇల్లూ పోతుందని అతని గోల. ఆ మాట నిజమే. లోపలా కొలిచాకే రాశానని గట్టిగా చెప్పాను.

అతని భార్య సూరమ్మ ఊరుకోలేదు. "లోపలికెప్పుడొచ్చినావు బాబూ? గేదిని సూసి గుమ్మంకాడే ఆగిపోనావు కదేటి!"

కూలీలు గునపాలు దించి నవ్వారు.

"ఒలే, ఆపీసర్ని అలగనకూడదు," అన్నాడు తవిటయ్య. "రా బాబూ, నాను కొమ్ములట్టుకుంతాను. నువ్వు కొలుసుకో."

కొలిచాను. లోపలివైపు దారం గోడ వెంట వెంట్రుకవాసి తేడా లేకుండా దిగింది. గోడ అడుగున రెండున్నర అడుగుల మందం, పైన రెండడుగులు. బయటివైపు మాత్రమే వాలుగా సన్నబడింది. నిలబడటానికే అలా కట్టారు. ఆ వాలును పరీక్షల్లో గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను.

గోడ కట్టిందే అలాగని ముందే చెప్పలేదేమని తవిటయ్యను అడిగాను.

"అడిగితే కదేటి సెప్తాను!"

అక్కడే నా సిఫార్సు ఉపసంహరిస్తూ కాగితం రాశాను. కారణం దగ్గర "తూకం గుండు లోపం" అని పెట్టాను. సూరమ్మ చదివి వినిపించమంది.

"గుండుకేటొచ్చింది బాబూ? బాగానే ఏలాడింది కదా!"

కొట్టేసి, "లోపలివైపు కొలవలేదు" అని రాశాను. నా పై అధికారి ఈఈ సంజాయిషీ అడిగారు. గేదెకు భయపడ్డానని రాసిచ్చాను. హెచ్చరికతో వదిలేశారు.

కొలవని వైపును కొలిచినట్టు రాస్తే నిలబడి ఉన్న ఇల్లు కూలుతుంది. ఆ తరువాత నా తనిఖీ నివేదికల్లో "చూడలేదు" అన్న మాట చాలాచోట్ల ఉంటుంది. పై అధికారులకు అది నచ్చేది కాదు. నేను మార్చలేదు.