మూత తీసిన బీరు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నవ్వుకోవడం మీ ఇష్టం. చర్చి స్త్రీల సమాజంలో తాగుడు మీద ఆదివారం ఆదివారం నిప్పులు చెరిగిన నేనే, ఒక శనివారం మధ్యాహ్నం, సరిగ్గా ప్రార్థన మధ్యలో పరువు గోదాట్లో కలుపుకున్నాను.

మొన్న మా మనవరాలు హైదరాబాదు నుంచి రేకు డబ్బాలో బీరు తెచ్చింది. నాలుక మీద ఒక చుక్క వేసుకుని, "ఇదేం బీరే, జామకాయ రసంలా ఉంది. చేదేదీ?" అన్నాను. ఇల్లంతా కొయ్యబారిపోయింది.

"అమ్మమ్మా, బీరు చేదని నీకెలా తెలుసు?"

ఇక దాచి ప్రయోజనం లేదు.

మా రోజుల్లో బీరు చవక. మా ఆయన మామిడికుదురు బడిలో మాస్టారు. నెలకొక్క సీసా తెచ్చుకునేవారు. ఫ్రిజ్జు ఎవరికుంది? సీసా మెడకు కొబ్బరితాడు కట్టి నూతిలోకి దించేవారు. పొద్దున దించితే మధ్యాహ్నానికి నూతి చలవంతా అందులోకి దిగేది. పైకి లాగుతుంటే తడి సీసా ఎండకు తళతళలాడేది. దాని వంక మాస్టారు చూసిన చూపు, పెళ్ళిచూపుల్లో నా వంక కూడా చూడలేదు. బయట తాగితే పక్కన పకోడీలు కూడా కొంటారని, ఇంట్లో తాగడానికి నేనే ఒప్పుకున్నాను. మరి ఆదివారం బోధ సంగతేమిటంటారా? అది పక్కవాళ్ళ మొగుళ్ళకి లెండి.

ఆ ఏడు సమాజానికి కొత్త పెద్దను ఎంచాలి. ఆ పదవి నాకు కావాలి. కుర్చీ కోసం కాదు. ఇంటింటా వండే బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడి పేర దాస్తాం కదా, ఆ బియ్యమంతా పోసే డ్రమ్ము పెద్ద చేతిలో ఉంటుంది. అప్పటి పెద్ద కరుణమ్మగారికి చూపు ఆనదు. డ్రమ్ములో పురుగులు కాపురం పెట్టి, పిల్లాపాపలతో వర్ధిల్లుతున్నాయి. అది తలచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

ఆ శనివారం మాస్టారు పెరటి తలుపు గడియకు ఆనించి సీసా మూత ఊడదీశారు. టప్పున శబ్దం. సరిగ్గా అప్పుడే వీధిలోంచి "వందనాలండీ! మాస్టారున్నారా అండీ?" అని పిలుపు. పాస్టరు అయ్యగారు, వెనకే కరుణమ్మగారు! పెద్దగా ఎంచబోయే మనిషి ఇల్లు చూసి, ప్రార్థన చేసుకుని పోదామని వచ్చారు.

"సుగుణా, ఏదోటి చెయ్యవే!" అంటూ మాస్టారు సీసా నా చేతిలో పెట్టి చొక్కా కోసం పరుగెత్తారు.

"పారబొయ్యనా అండీ?"

"నీ ఇష్టం!"

నా ఇష్టమట! కొబ్బరిచెట్టు మొదట్లో పోద్దామని వంచబోయాను. చెయ్యి రాలేదు. కొన్న వస్తువాయె. పైగా చెట్టుకు అలవాటైతే నెలనెలా ఎవరు తెచ్చిపోస్తారు? మళ్ళీ నూతిలోకి దించుదామంటే మూత లేదు. నురగ చూస్తే పాలు పొంగినట్టు పొంగుతోంది. కళ్ళు మూసుకుని, ఆముదం తాగినట్టు, నిలబడ్డపాటున సీసా ఎత్తేశాను. కాకరకాయ పులుసులో సోడా కొట్టినట్టుంది. సగానికొచ్చేసరికి, మీ దగ్గర దాపరికమెందుకు, బాగానే ఉంది.

ముందు గదిలోకి వెళ్ళేసరికి నా పెదాలు వాటంతటవే నవ్వుతున్నాయి.

"ఏమ్మా, మొహం అలా వెలిగిపోతోందేంటి?" అన్నారు అయ్యగారు.

"దేవుడి కృపండీ."

"అయితే ప్రార్థన నువ్వే చెయ్యమ్మా," అన్నారు కరుణమ్మగారు.

చేశాను. ఊరి కోసం చేశాను, బడి కోసం చేశాను, కాలవలో బాతుల కోసం కూడా చేశాను. చివరికి, "ప్రభువా, డ్రమ్ములో పురుగులకు వేరే చోటు చూపించు తండ్రీ!" అని గొంతెత్తాను. ఎత్తిన గొంతులోంచి తేనుపొకటి బయల్దేరింది. మామూలు తేనుపా అది? రేవులో లాంచి కూత! పాకలో గేదె ఉలిక్కిపడి లేచింది. మాస్టారు కంగారులో "ఆమెన్" అనేశారు.

కూత వెనకే వాసన. అయ్యగారు కళ్ళు తెరిచారు.

"మాస్టారూ, మీరేనా అండీ?"

"ఆయ్, బీరు నాదేనండి. తేనుపు మాత్రం నాది కాదండి."

ఆ మనిషి జన్మలో అన్ని నిజాలు ఒక్కసారి చెప్పలేదు! ఇక నేనే తల దించుకున్నాను. "నేనేనండి. ఈయన మూత తీసేసేరండి. పారబొయ్యడానికి నాకు చెయ్యి రాలేదండి."

"ఎంత తాగేవే?" అన్నారు కరుణమ్మగారు.

"చుక్క మిగల్చలేదండి."

"మరి సీసా?"

"కడిగి బోర్లించేనండి. కొబ్బరినూనె పోసుకోవచ్చు కదండీ."

పదవి పోయిందనుకున్నాను. ఇంతలో కరుణమ్మగారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని హడలిపోయాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు!

"అయ్యగారూ, డ్రమ్ము ఈవిడకే ఇచ్చేద్దామండి. బీరే పోనివ్వనిది, బియ్యం గింజ పోనిస్తుందేంటండి? తాగుడు మీద బోధ మాత్రం ఇంకెవరికైనా అప్పజెబుదాం."

అయ్యగారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని తలూపారు.

మర్నాడే డ్రమ్ము మా ఇంటికి వచ్చింది. వేపాకు పడేసరికి వారం తిరక్కుండా పురుగుల కాపురం ఎత్తిపోయింది. అప్పుడే ఆ డ్రమ్ము మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. ఈ కట్టెలో ప్రాణముండగా ప్రార్థనకు ముందు గ్యాసున్నదేదీ ముట్టను. ఆఖరికి గోళీ సోడా అయినా సరే. బీరే మానేస్తానని ఎందుకు ఒట్టు పెట్టుకోలేదంటారా? తప్పు చేసింది తేనుపు. దానికి బీరును శిక్షిస్తే పాపం కాదూ?