యోహాను సార్ బొటనవేలు

మొన్న ఉల్లిగడ్డతో పాటు వేలు కూడా తరుక్కున్నాను. మందు ప్లాస్టరు చుట్టుకొని ఆఫీసుకు వెళ్లి కీబోర్డు మీద చేతులు పెట్టగానే ఆ ప్లాస్టరు వాసన గుప్పుమని ముక్కుకు తగిలింది. పక్క సీటు అమ్మాయి ఏదో అడుగుతోంది, నాకు వినబడలేదు. లేచి నీళ్లు తాగి వచ్చాను. కూర్చొని మళ్లీ లేచాను. నా కళ్ల ముందు ఉన్నది హైదరాబాదు కాదు. గోదావరిఖనిలో ఒక గని టైం ఆఫీసు, కిటికీ పక్కన ఒక పాత కీబోర్డు, దాని మీద ఒకే ఒక్క మీటకు అంటించిన ప్లాస్టరు ముక్క. రోజూ నొక్కీ నొక్కీ ఆ ముక్క నడుమ బొటనవేలంత గుంట పడింది. ఆ వేలు యోహాను సార్‌ది.

డిగ్రీ కొత్తగా ముగించిన రోజులవి. కంప్యూటర్ అంతగా రాకపోయినా, వచ్చునని చెప్పుకోవడం మాత్రం నాకు బాగా వచ్చు. గనుల కంపెనీకి హాజరు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే ఒక కాంట్రాక్టు సంస్థ నన్ను ఆ టైం ఆఫీసులో కూర్చోబెట్టింది. ఏ షిఫ్టులో ఎవరు గనిలోకి దిగారో, ఎవరు పైకి వచ్చారో రాసే చోటు అది. ఆ పట్టికను అక్కడ మస్టరు అంటారు. యోహాను సార్ మస్టరు గుమాస్తా. అంతకుముందు పదిహేనేళ్లు భూమి లోపల బొగ్గు టబ్బులను, అంటే పట్టాల మీద నడిచే చిన్న బండ్లను, తాడుకు తగిలించే పని చేశారట. ఒక ప్రమాదంలో ఎడమ చేతికి బొటనవేలు, చూపుడువేలు మాత్రమే మిగిలాయి. అప్పుడు పైన ఈ కుర్చీ ఇచ్చారు. గనిలో మూడు షిఫ్టులు చేసిన మనిషికి కీబోర్డు మీదున్న రెండు షిఫ్టు మీటల్లో ఒకటి అందేది కాదు. ఇక ఎడమ మూలనుండే కంట్రోల్ మీట సంగతి చెప్పనక్కరలేదు, అది చిటికెనవేలి రాజ్యం. అందుకని ఎవరిచేతనో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టించుకొని, స్పేస్ బార్ పక్కనుండే ఎడమ ఆల్ట్ మీటను కంట్రోల్‌గా మార్చుకున్నారు. గుర్తుకు దాని మీద ప్లాస్టరు అంటించుకున్నారు.

ఇదంతా నాకు తెలియదు. చేరిన రెండో రోజు ఆయన చాయకు వెళ్లినప్పుడు ఆయన సీట్లో కూర్చొని, ఆల్ట్ నొక్కి ఒకటి చేయబోతే మరొకటి జరిగి, ఆయన తెరిచి పెట్టుకున్న జాబితా మూసుకుపోయింది. వెనక నుంచి గొంతు వినబడింది.

"ఏంది బిడ్డా, నా గుర్రం నిన్ను కింద పడేసిందా?"

"మీ కీబోర్డు పాడైంది సార్."

"పాడు గాలే. నాకు అలవాటు పడ్డది. చిటికెనవేలు డ్యూటీకి రాదాయె. దాని పని బొటనవేలుకు అప్పజెప్పిన. ప్రమోషన్ ఇచ్చిన అనుకో."

ప్రతి పేరునూ కొట్టేముందు ఆయన పెదవులతో ఒకసారి పలికేవారు. నేను ఆయన కన్నా మూడు రెట్ల వేగంగా కొట్టేదాన్ని, ఆరు రెట్ల తప్పులు చేసేదాన్ని. ఒకనాడు కొమురయ్య ఉండవలసిన చోట కొమురెల్లి అని పడితే తెర మీద వేలు పెట్టి చూపించారు. "ఈ మనిషి పొద్దున ఐదు గంటలకే లేచి బొగ్గుబాయిల దిగిండు. నువ్వు ఇంట్ల పండుకున్నడు అని రాసినవ్. రేపు ఆయనొచ్చి నన్నడిగితే నేనేం చెప్పాలె?" అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే మరిచిపోయేదాన్నేమో.

కొన్నాళ్లకు కొత్త మస్టరు తెర రాసే పని నా మీదే పడింది. పేర్లన్నీ తెలుగులో కొట్టాలి. అక్కడ ఒక చిక్కు వచ్చింది. మీట నొక్కినప్పుడు కంప్యూటర్‌కు రెండు సంగతులు తెలుస్తాయి. కీబోర్డు మీద ఏ చోటున్న మీట కదిలిందన్నది ఒకటి, ఈ మనిషి లెక్కలో ఆ మీటకు అర్థమేమిటన్నది రెండోది. తెలుగులోకి మారగానే సి అని అచ్చువేసి ఉన్న మీట 'మ' అవుతుంది. అప్పుడు కంట్రోల్, సి కలిపి నకలు తీయబోతే, అర్థాన్నే నమ్ముకున్న ప్రోగ్రాంకు సి ఎక్కడా కనబడదు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకొని, అన్ని మీటలనూ చోటును బట్టే చదివేలా రాసేశాను. అక్షరాలకు అది సరిపోయింది. ఎంత తెలివైనదాన్నో అనుకొని నాకు నేనే మిర్చి బజ్జీలు కొనిపెట్టుకున్నాను. కంట్రోల్‌తో ఎంటర్ కొడితే మస్టరు పై ఆఫీసుకు వెళ్తుంది. ఆల్ట్‌తో ఎంటర్ కొడితే పేజీ మొత్తం తుడుచుకుపోతుంది. ఆయన కంప్యూటర్ మీద కూడా పరీక్షించాను. ఆయన యంత్రం మీద, నా చేతులతో, మూలనున్న కంట్రోల్ నొక్కి.

ఏరియా ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి, గుమాస్తాలు ఒక్కొక్కరితో కొత్త తెర మీద ఒక షిఫ్టు మస్టరు చేయించి చూస్తారని చెప్పారు. చేయలేనివాళ్లను వేరే చోటికి వేస్తారు. యోహాను సార్‌కు వేరే చోటంటే ల్యాంపు రూము. అక్కడ దిగేవాళ్లకు బరువైన దీపాలు, బ్యాటరీలు చకచకా అందించాలి, దానికి రెండు చేతులూ కావాలి. అక్కడ కూడా పనికిరాకపోతే అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపుతారు. ఆయనకింకా నాలుగేళ్ల సర్వీసు ఉంది.

ఆయన వంతు వచ్చింది. నలభై పేర్లు ఒక్క తప్పు లేకుండా, ఇచ్చిన సమయానికి ముందే కొట్టారు. బొటనవేలితో ప్లాస్టరు మీట నొక్కి, కుడిచేత్తో ఎంటర్ కొట్టారు. తెర తెల్లబడింది. నలభై మంది మాయమయ్యారు. ఆయన తెరను చూశారు, తన వేలును చూసుకున్నారు. నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. నా ప్రోగ్రాం మీటున్న చోటును చదివి ఆల్ట్ అనుకుంది, ఆయన మాటను చదవలేదు. చెప్పాలి. మా సంస్థ మేనేజర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను అతన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాను. రెండోసారీ అదే జరిగింది. అధికారి గడియారం చూసుకున్నారు.

"నాకే చేతకాలే సార్" అన్నారు యోహాను సార్. "వేలు యాడనో తగిలినట్టుంది."

అధికారి కాగితం మీద ఏదో రాసుకొని పక్క సీటుకు వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం నేను కుర్చీకీ నీళ్ల కుండకూ మధ్య ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. చివరకు టిఫిన్ డబ్బా సర్దుకుంటున్న ఆయన దగ్గరికి వెళ్లి, "సార్, ఆ తప్పు..." అని ఆగిపోయాను.

"నాకు తెలుసు బిడ్డా. నా వేలు యాడ వడ్డదో నాకు తెల్వదా?"

"మరి ఎందుకు చెప్పలేదు సార్?"

"చెప్పేది నేను కాదు గద." డబ్బా మూత నొక్కి, మొదటిసారి తన చేతి కథ చెప్పారు. "లోపల తాడు లాగే ఇంజను మాకు కనవడది. తీగ గుంజితె అక్కడ గంట మోగుతది. ఇంజను కాడున్నోడు వినవడ్డన్ని గంటలు మల్ల మాకు కొట్టి చూపాలె. గట్లయితెనే కదలాలె. ఆ రోజు వాడు మల్ల కొట్టలే. నేను ఆపు అన్న, వాడు లాగు అనుకున్నడు. టబ్బుల నడుమ చెయ్యి వడ్డది. విచారణల వాడు నోరు తెరవలే. నేనే తప్పు గంట కొట్టిన అని రాసిండ్రు."

"ఆయన ఇప్పుడెక్కడ సార్?"

"శ్రీరాంపూర్‌ల ఉంటడు. నా దోస్తే. ఎదురువడ్తె తల వంచుకొని పక్క సందుల పోతడు. పాపం, నాకు మూడు వేళ్లే పోయినయి."

ఆ మాట ఆయన నన్ను ఉద్దేశించి అన్నారా అని ఇప్పటికీ ఆలోచిస్తాను. అనకపోయినా నాకు తగిలింది. మర్నాడు తెల్ల కాగితం మీద జరిగింది రాశాను. గుమాస్తా సరైన మీటే నొక్కారని, పేజీని తుడిచింది నేను రాసిన ప్రోగ్రామేనని, ఆయన్ని మళ్లీ పరీక్షించాలని. మేనేజర్ ఆ కాగితం చదివి, "సంతకం పెట్టకు రజితా, నీ మెడకే చుట్టుకుంటది" అన్నాడు. పెట్టాను. అధికారి చదివి కళ్లద్దాలు తీశారు. "నిన్ననే చెప్తే అయిపోయేది కదమ్మా" అన్నారు.

రెండు రోజులు కూర్చొని మొత్తం తిరగరాశాను. అక్షరాల మీటలను చోటును బట్టి, కంట్రోల్ లాంటివాటిని మనిషి పెట్టుకున్న అర్థాన్ని బట్టి చదవాలి. పంపాలన్నా తుడవాలన్నా ముందు అడగాలి. ఈసారి యోహాను సార్ చేతులతోనే పరీక్షించాను. ఆయన కావాలనే అడ్డదిడ్డంగా నొక్కి నన్ను ఏడిపించారు. "ఇంజను మంచిగ వింటున్నది" అన్నారు ఆఖరికి. మూడోనాడు మా సంస్థ నన్ను ఆ పని నుంచి తీసేసింది.

మళ్లీ పరీక్ష పెట్టిన రోజు నాకు గేటు లోపలికి పాసు లేదు. ఎదురుగా చాయ హోటల్లో కూర్చున్నాను. కూర్చున్నానని అనడమే గానీ, అక్కడి బల్లకూ రోడ్డుకూ మధ్య పచార్లు చేశాను. మూడు చాయలు చల్లారిపోయాయి. షిఫ్టు దిగిన జనం గుంపులుగా బయటికి వస్తుంటే ఒక్కో ముఖమూ వెతికాను. అందరి వెనుక యోహాను సార్ వచ్చారు. నా ఎదుట కూర్చొని, నా చల్లటి చాయను ఒక గుక్కలో తాగేసి గ్లాసు పెట్టారు.

"కొట్టిన. అడిగింది. అవునన్న. పై ఆఫీసుకు పోయింది."

ఆ కుర్చీలోనే ఆయన సర్వీసు ముగిసింది. తర్వాత మందమర్రిలో కూతురి దగ్గర ఉండేవారు. పోయిన ఏడాది చనిపోయారు. నేను ఇప్పుడు కీబోర్డుల ప్రోగ్రాములే రాస్తున్నాను. రోజూ ఎక్కడెక్కడి మనుషులో రాసిన ఫిర్యాదులు నా ముందుకు వస్తాయి. తిట్టేవాళ్ల ఉత్తరాలు నిదానంగా కూర్చొని చదవగలను. కానీ కొందరు, "తప్పు నాదే అయ్యుంటుంది, నాకే చేతకాలేదేమో" అని రాస్తారు. అది చదివాక నేను కూర్చోలేను. నా తప్పెక్కడుందో వెతికి, దొరికితే నా పేరు పెట్టి రాసి పంపేదాకా కాళ్లు నిలవవు.